పశువైద్యం మిగులు సీటు కాదు

నీట్ ఫలితాలు వచ్చాక వారం పది రోజులు ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు ఇళ్లలో ఒకటే లెక్క నడుస్తుంది. ఈ ర్యాంకుకు కన్వీనర్ కోటాలో ఎంబీబీఎస్ వస్తుందా, రాకపోతే మేనేజ్‌మెంట్ కోటాకు ఎంత సర్దగలం, అదీ కాకపోతే బీడీఎస్సా, ఆయుర్వేదమా, ఇంకో ఏడాది లాంగ్ టర్మ్‌లో కూర్చోబెట్టడమా? ఈ వరసలో అట్టడుగున, ఎవరైనా గుర్తుచేస్తే తప్ప పైకి రాని పేరు పశువైద్యం. ‘ఏదీ రాకపోతే అదైనా చూద్దాంలే’ అన్నదే దాని గురించి వినిపించే మాట. ఈ వరసను పెద్దలు అనుకున్నారు, కోచింగ్ సెంటర్లు ఖాయం చేశాయి, పిల్లలు నమ్మారు. ఎవరూ దాన్ని ఆపి ప్రశ్నించలేదు. ఈ వరస తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. పశువైద్యాన్ని మిగులు సీటుగా చూడడం వల్ల ఆ చదువుకు తగిన పిల్లలు దాని దరిదాపులకు రావడం లేదు, తగనివాళ్లు మనసు లేకుండా వచ్చి చేరుతున్నారు. పాడి మీద, కోళ్ల మీద, చేపల మీద బతికే కొల్లేటి చుట్టుపక్కల ప్రాంతమే తనకు కావాల్సిన వైద్యులను తన ఇళ్లలోనే తయారు కాకుండా చేసుకుంటోంది.

ఈ వరసను సమర్థించేవారి మొదటి ఆధారం ర్యాంకు. ఎంబీబీఎస్ సీటు పై ర్యాంకులకు పోతుంది, పశువైద్యం సీటు కింది ర్యాంకుకూ దొరుకుతుంది, కాబట్టి మొదటిది పెద్ద చదువు, రెండోది చిన్న చదువు అంటారు. 2025లో నీట్ రాసినవారు 22 లక్షలు దాటారు. అర్హత సాధించినవారు 12 లక్షల 36 వేల మంది. దేశమంతటా ఉన్న ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. ఇంతమంది ఒకే గుమ్మం ముందు తోసుకుంటే కటాఫ్ పెరగక ఏమవుతుంది? ఆ గుమ్మం ముందు ఎంత రద్దీ ఉందో కటాఫ్ చెబుతుంది, లోపల నేర్పే విద్య ఎంత లోతో చెప్పదు. లోతు తెలియాలంటే చదువులోకి తొంగిచూడాలి. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. భారత పశువైద్య మండలి 2016లో ఖరారు చేసిన నిబంధనల ప్రకారం పశువైద్య పట్టాకూ అంతే: నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది. ఆ వ్యవధిలో ఎంబీబీఎస్ విద్యార్థి ఒక్క మనిషి శరీరాన్ని చదువుతాడు. పశువైద్య విద్యార్థి నాలుగు గదుల పొట్ట ఉన్న గేదెను, కందనకాయతో గింజ నూరుకునే కోడిని, గుర్రాన్ని, గొర్రెను, పందిని, కుక్కను, పిల్లిని చదవాలి. మనిషికి జ్వరం తగ్గించే పారాసెటమాల్ పిల్లికి విషమని తెలిసి ఉండాలి. వీటిలో ఏ రోగీ తనకు ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పదు.

ఈ పని ఎంత నైపుణ్యం అడుగుతుందో తెలియాలంటే ఒక్క కేసును దగ్గరగా చూస్తే చాలు. నెలలు నిండిన చూడి గేదె సాయంత్రం నుంచి నొప్పులు పడుతోంది. పడుకుంటుంది, లేస్తుంది, తోక ఎత్తుతుంది, మేత ముట్టదు. ఉమ్మనీటి తిత్తి మాత్రం కనపడదు. ఈనడానికి ఇంకా వేళ కాలేదేమోనని ఇంటివాళ్లు అర్ధరాత్రి దాకా చూస్తారు. లోపల జరిగింది వేరు: గర్భసంచి మెలిపడింది. గేదెల్లో ఇది తరచుగా వచ్చే ఆపద. వైద్యుడు చేతికి తొడుగు వేసుకుని లోపలికి చెయ్యి పోనిచ్చి, మడతలు ఎటు తిరిగాయో వేళ్లతో తడిమి తేల్చుకోవాలి. మెలి కుడివైపుకు ఉంటే గేదెను కుడి పక్కకు పడుకోబెట్టి, డొక్క మీద పొడవాటి చెక్క పలక ఆనించి, ఆ పలక మీద ఒకరిని నిలబెట్టి, కాళ్లకు కట్టిన తాళ్లు లాగుతూ గేదెను అదే వైపుకు దొర్లించాలి. పలక గర్భసంచిని కదలకుండా నొక్కిపట్టి ఉంచితే, శరీరం దాని చుట్టూ తిరిగివచ్చి మెలి విడిపోతుంది. దిక్కు పొరబడితే మెలి ఇంకా బిగుస్తుంది, దూడా దక్కదు, తల్లీ దక్కదు. స్కానింగ్ లేదు, ఆపరేషన్ థియేటర్ లేదు, పక్కన సీనియర్ లేడు. పాక కింద టార్చిలైటు వెలుగులో, అయిదు వేళ్ల మీద నమ్మకంతో తీసుకోవాల్సిన నిర్ణయమది. దీన్ని చిన్న చదువు అనేవారు ఆ పాకలో ఒక్కసారి నిలబడాలి. పాడి ఉన్న ఇంట్లో అర్ధరాత్రి డాక్టరుకు ఫోన్ చేసే చెయ్యి, కౌన్సెలింగ్ నాడు ఆ చదువు వద్దని పక్కకు నెట్టే చెయ్యి ఒక్కటే కావడం ఈ ప్రాంతపు విషాదం.

రెండో వాదన కాస్త గౌరవంగా వినిపిస్తుంది: మనుషుల డాక్టరు మనుషుల ప్రాణం కాపాడతాడు, పశువుల డాక్టరు పశువుల దగ్గరే ఆగిపోతాడు అని. దీనికి ఏలూరు జిల్లాయే జవాబు చెప్పింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల షెడ్లలో బర్డ్ ఫ్లూ బయటపడింది. పశ్చిమ గోదావరిలో తణుకు మండలం వేల్పూరు, తూర్పు గోదావరిలో పెరవలి మండలం కానూరు, తర్వాత ఏలూరుకూ తాడేపల్లిగూడేనికీ నడుమ ఉన్న ఉంగుటూరు మండలం బాదంపూడి. ఆ రోజుల్లో ఈ ప్రాంత ప్రజారోగ్యానికి ముందు వరసలో నిలబడింది పశువైద్యులు. చచ్చిన కోళ్ల నుంచి నమూనాలు తీసి భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలకు పంపడం, షెడ్డు చుట్టూ కిలోమీటరు మేర రోగపీడిత ప్రాంతంగా, పది కిలోమీటర్ల వరకు నిఘా ప్రాంతంగా గీత గీయడం, మిగిలిన కోళ్లను చంపించి సున్నం చల్లి లోతుగా పూడ్పించడం, ఒళ్లంతా కప్పిన తొడుగుల్లో చెమటలు కక్కుతూ దగ్గరుండి ఇవన్నీ చేయించడం వాళ్ల పని. అదే ఏడాది మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప హెచ్5ఎన్1 సోకి మంగళగిరి ఎయిమ్స్‌లో కన్నుమూసింది. కోడి రోగం కోళ్ల దగ్గర ఆగుతుందా లేదా అన్నది ఆ పాప మరణంతో తేలిపోయింది. రోగం మనిషి దాకా వచ్చాక ఆసుపత్రిలో చేసేది వైద్యం. షెడ్డులోనే దాన్ని పట్టి ఆపేది కూడా వైద్యమే, ఆ వైద్యం పశువైద్యుడిదే.

కొల్లేరు ఈ సంగతిని మరింత స్పష్టంగా చూపిస్తుంది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో, బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు తెచ్చే నీటిని పట్టుకుని ఉప్పుటేరు గుండా సముద్రానికి వదిలే ఈ సరస్సు 1999లో వన్యప్రాణి అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకు ఎక్కింది. ఆటపాక దగ్గర గూడబాతులు గూళ్లు కడతాయి, దూరదేశాల నుంచి పక్షులు వచ్చి చలికాలం గడిపి పోతాయి. చుట్టూ చేపల చెరువులు. చెరువుకు ఎరువుగా కోళ్ల షెడ్డు నుంచి వచ్చే పెంట. గట్టు మీద మేసే గేదెలు, కోత అయిన చేలల్లో తోలుకుపోయే బాతుల మందలు. పక్షి, కోడి, చేప, గేదె, మనిషి ఇంత దగ్గరగా ఒకే నీటిని పంచుకునే చోట ఒకదాని రోగం ఇంకోదానికి పరాయిది కాదు. ఒక్క ఉదాహరణ చెబుతాను. వేసవిలో కొల్లేటి నీరు వెనక్కి తగ్గాక తేలిన నేల మీద పచ్చిక మొలుస్తుంది, గేదెలు అటు మళ్లుతాయి. ఆ తడిలో ఉండే నత్తల్లో పెరిగిన కార్జపు జలగ పిల్లలు గడ్డిపరకలకు అంటుకుని గేదె కడుపులోకి చేరతాయి. నెలలు గడిచాక గేదె చిక్కిపోతుంది, పాలు తగ్గుతాయి, దవడ కింద నీరు దిగి వేలాడుతుంది. చూసినవాళ్లు గొంతువాపు అనుకుని కంగారుపడతారు. గొంతువాపైతే ఒళ్లు కాలిపోతుంది, వాచిన చోటు వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటుంది, గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. జలగ వల్ల వచ్చిన వాపు చల్లగా, పిండిముద్దలా వేలికి నొక్కుకుపోతుంది. తెలిసిన చెయ్యి ఈ తేడాను పట్టుకుని, పేడను సూక్ష్మదర్శిని కింద చూసి రూఢి చేసుకుంటుంది. తెలియని చెయ్యి యాంటీబయాటిక్ పొడుస్తుంది. జలగకు పనికిరాని ఆ మందు పాలల్లోకి వస్తుంది, ఆ పాలు ఇంటింటికీ వెళతాయి. అడ్డదిడ్డంగా వాడిన యాంటీబయాటిక్ చివరికి మనిషి జబ్బుల మీద కూడా పనిచేయకుండా పోయే ప్రమాదం ఇక్కడే, ఈ పాకలోనే మొదలవుతుంది.

ఇక మూడో వాదన: ట్రాక్టర్లు వచ్చాక ఎద్దులు పోయాయి, గేదెలూ తగ్గుతున్నాయి, ఇంకెవరికి ఈ డాక్టర్లు అని. ఎద్దులు తగ్గిన మాట నిజం. అయితే 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆవులు, ఎద్దులు కలిపి 46 లక్షలు, గేదెలు 62 లక్షలు. మొత్తం కోటీ 8 లక్షలు. అయిదు వేల పశువులకు ఒక పశువైద్యుడు ఉండాలని జాతీయ వ్యవసాయ కమిషన్ 1976లోనే చెప్పింది. ఆ కొలత పెట్టి చూస్తే ఈ రెండు జాతులకే రెండు వేల నూట అరవై మంది వైద్యులు కావాలి. కోటీ 70 లక్షలు దాటిన గొర్రెలు, మేకలు, కోళ్లు, పట్నాల్లో పెరుగుతున్న కుక్కలు, పిల్లులు ఇంకా ఈ లెక్కలోకి రాలేదు. పైగా పశువుల సంఖ్య తగ్గితే వైద్యుడి పని తగ్గుతుందనుకోవడమే పొరపాటు. పెరట్లో పది కోళ్లు తిరిగే రోజుల్లో కొక్కెర తెగులు వస్తే పది కోళ్లు పోయేవి. ఒకే కప్పు కింద వేల కోళ్లు ఉన్న షెడ్డులో అదే తెగులు ఒక కుటుంబాన్ని అప్పుల పాలు చేస్తుంది. ఇంటికి నాలుగు పశువులున్నప్పుడు ఒకటి పోతే మూడు మిగిలేవి. లక్ష పెట్టి కొన్న ఒక్క ముర్రా గేదె మీద ఇల్లు గడిచేటప్పుడు ఆ ఒక్కదాని పొదుగువాపు ఆ ఇంటి ఆదాయాన్నే ఆపేస్తుంది. గుడ్ల ఉత్పత్తిలో ఈ రాష్ట్రం దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. ఆ స్థానాన్ని నిలబెట్టేవాళ్లు అక్కర్లేదనడం ఎలా కుదురుతుంది?

ఉద్యోగాలు లేవనే వాదనను తేలిగ్గా కొట్టిపారేయను. ప్రభుత్వ పశువైద్యుల పోస్టులకు నోటిఫికేషన్లు ఏటా రావు. 2022 మేలో నియోజకవర్గానికి ఒకటి చొప్పున 175 సంచార పశువైద్య అంబులెన్సులు 1962 నంబరుతో రోడ్డెక్కాయి. ప్రతి వాహనానికీ ఒక డాక్టరు కావాలి. అవి వచ్చాక రైతు గుమ్మానికే వైద్యం చేరింది, కానీ ఆ కొలువులకు పర్మినెంట్ ఉద్యోగానికి ఉండే భరోసా లేదు. 2025 మొదట్లో పశువైద్య విద్యార్థులు స్టైపెండ్ పెంచమని తరగతులు మాని రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చింది. ఇవి న్యాయమైన ఫిర్యాదులు, వీటిని సరిచేయాల్సింది ప్రభుత్వం. అయితే వీటి నుంచి ‘ఈ చదువే వద్దు’ అన్న నిర్ణయానికి వెళ్లడం న్యాయం కాదు. మొదటి కారణం, పోల్చేటప్పుడు రెండు వైపులా చూడాలి. మేనేజ్‌మెంట్ సీటుకు పొలం అమ్మి ఎంబీబీఎస్ చదివిన పిల్లాడికి ఆ పట్టాతోనే బతుకు స్థిరపడదు. పీజీ సీటు కోసం మళ్లీ ఏళ్ల తరబడి పోటీ. రెండో కారణం, పశువైద్య పట్టా తెరిచే తలుపులు చాలామందికి తెలియవు. కోళ్ల హేచరీలు, దాణా సంస్థలు, డెయిరీలు, పశు బీమా, బ్యాంకుల్లో వ్యవసాయ క్షేత్రాధికారి పోస్టులు, టీకాల తయారీ, సైన్యంలో రీమౌంట్ వెటర్నరీ కోర్, యూపీఎస్సీ నిర్వహించే అటవీ సేవ, బరేలీ ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ వంటి చోట్ల పీజీ, పరిశోధన. హైదరాబాద్‌లో జాతీయ పాడి అభివృద్ధి మండలి స్థాపించిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ గాలికుంటు టీకాను తయారుచేస్తోంది. 2030 నాటికి దేశంలో గాలికుంటు లేకుండా చేయాలని 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం అలాంటి టీకాల మీదే, వాటిని ఊరూరా వేసే చేతుల మీదే నడుస్తోంది. ఇది ఊహాగానమని ఎవరైనా అంటే, ఒకప్పుడు మందలకు మందలనే తుడిచిపెట్టిన ముసర వ్యాధిని గుర్తుచేయాలి. భారతదేశం 2006లో దాని నుంచి బయటపడింది, 2011లో ప్రపంచం బయటపడింది. మశూచి తర్వాత భూమి మీద మనిషి పూర్తిగా రూపుమాపిన రెండో రోగమది. ఆ ఘనత పశువైద్యానిది.

ఆడపిల్లలకు ఇది కుదరదనే మాట ఇంకా చాలా ఇళ్లలో వినిపిస్తుంది. గేదెను పట్టి లాగే బలం కావాలట. బలం కావాల్సిన చోట తాళ్లున్నాయి, నలుగురు మనుషులుంటారు, మత్తుమందు ఉంది. మెలిపడిన గర్భసంచిని విడదీసే కేసులో తాళ్లు లాగేది ఊరివాళ్లు, దిక్కు చెప్పేది డాక్టరు. గొర్రె, మేక ఈతల్లో అడ్డం తిరిగిన పిల్లను సరిచేయడానికి సన్నని చెయ్యే మేలు. అమెరికాలో నేడు పశువైద్య విద్యార్థుల్లో దాదాపు అయిదింట నలుగురు అమ్మాయిలే. మన దగ్గర పాడి పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్లదే. ఎద గుర్తించేది, పొదుగు కడిగేది, దూడకు జున్నుపాలు తాగించేది వాళ్లే. ఆ ఇంటి అమ్మాయికి ఆ పశువు వైద్యం నేర్చుకునే హక్కు లేదనడం ఏ తర్కానికీ నిలవదు. రాత్రి ప్రయాణాలు, మారుమూల పోస్టింగులు నిజమైన ఇబ్బందులే. అవి నర్సుకూ ఉన్నాయి, పీహెచ్‌సీ డాక్టరుకూ ఉన్నాయి. వాటికి విరుగుడు భద్రత కల్పించడం, చదువు మాన్పించడం కాదు.

వరస తప్పైతే సరైన పద్ధతి ఏమిటో కూడా చెప్పాలి, లేకపోతే ఈ ఖండన సగమే అవుతుంది. మిగులు సీటు అనే భావన మొదట దరఖాస్తు దగ్గరే దెబ్బతీస్తుంది. నీట్ ఒక్కటే అయినా తలుపులు వేరు. ఎంబీబీఎస్, బీడీఎస్ కౌన్సెలింగ్ విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం నడుపుతుంది. పశువైద్యానికి 2005లో ఏర్పడిన తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం విడిగా నోటిఫికేషన్ ఇస్తుంది, దానికి విడిగా దరఖాస్తు చేయాలి. ప్రతి రాష్ట్రంలోని సీట్లలో 15 శాతాన్ని భారత పశువైద్య మండలి అఖిల భారత కోటాలో భర్తీ చేస్తుంది, అది మూడో దరఖాస్తు. ‘తర్వాత చూద్దాంలే’ అనుకున్న ఇల్లు ఆ తేదీలను దాటవేస్తుంది, ఆనక సీటు రాలేదని బాధపడుతుంది. రెండో దెబ్బ చేరిన తర్వాత తగులుతుంది. మనసు లేకుండా చేరిన విద్యార్థి తర్వాతి రౌండులో ఎంబీబీఎస్ రాగానే వెళ్లిపోతాడు. కౌన్సెలింగ్ గడువు ముగిశాక ఖాళీ అయిన సీటు ఆ బ్యాచ్ బయటికి వచ్చేదాకా ఖాళీగానే ఉంటుంది. ఎంబీబీఎస్ మీదే ప్రాణం పెట్టుకున్న పిల్లలు నిస్సంకోచంగా దానికే ప్రయత్నించాలి, వాళ్లను తప్పుపట్టను. ఇష్టం లేని చోట పేరు నమోదు చేసి ఇంకొకరి సీటును పట్టుకుని కూర్చోవద్దనే నా మనవి.

కాలేజీని ఎంచుకునే పద్ధతి కూడా మారాలి. మొదట చూడాల్సింది గుర్తింపు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం గుర్తింపు పొందిన పట్టాతో రిజిస్టరైనవారే వైద్యం చేయగలరు. పొరుగు రాష్ట్రంలో ఎవరో ఏజెంటు చూపించిన సీటుకు డబ్బు కట్టేముందు మండలి గుర్తింపు జాబితాలో ఆ కాలేజీ పేరు ఉందో లేదో చూసుకోవాలి. ఆ తర్వాత చూడాల్సింది భవనాలు కావు, పశువులు. కాలేజీ ఆసుపత్రికి రోజూ ఎన్ని కేసులు వస్తాయి, ఏ జాతులవి, విద్యార్థుల చేతికి కేసు ఇస్తారా, దూరం నుంచి చూడమంటారా, కాలేజీ ఫారంలో గేదెలు, గొర్రెలు, కోళ్లు ఉన్నాయా అని అక్కడ చదువుతున్న సీనియర్లను అడగాలి. 1955 నాటి తిరుపతి కాలేజీకి ఉన్న అనుభవం వేరు. 1998లో వచ్చిన గన్నవరం కాలేజీ ఏలూరు నుంచి జాతీయ రహదారి మీద గంట ప్రయాణం, డెల్టా పాడి దాని గుమ్మంలోనే ఉంది. ప్రొద్దుటూరు చుట్టూ రాయలసీమ జీవాల మందలు, గరివిడి చుట్టూ ఉత్తరాంధ్ర రైతుల పశువులు. ఏ జీవాల మధ్య పనిచేయాలనుందో తేల్చుకుంటే ఏ కాలేజీ ముందు రాయాలో తెలుస్తుంది. చేపల మీదే మనసుంటే అందుకు వేరే పట్టా ఉంది, ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది. కొల్లేటి పిల్లలు ఈ రెండింటినీ కలగాపులగం చేసుకోకూడదు. అమెరికాలో పశువైద్య కాలేజీలు చాలావరకు దరఖాస్తులోనే పశువుల మధ్య, పశువైద్యుల దగ్గర ఎన్ని గంటలు గడిపావో చెప్పమంటాయి. మన దరఖాస్తులో ఆ గడి లేదు. లేకపోతేనేం, నీట్ అయ్యాక దొరికే ఖాళీ రోజుల్లో మండలంలోని పశువుల ఆసుపత్రికి వరసగా వారం రోజులు పొద్దున్నే వెళ్లి చూడడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, మర్యాదగా డాక్టరుగారిని అడిగితే చాలు. పేడ వాసన, రక్తం, చనిపోయిన దూడను బయటికి తీయడం, రైతు కళ్లల్లో నీళ్లు, మందు పనిచేసి లేచి నిలబడిన పశువు, ఇవన్నీ ఆ వారంలో కనిపిస్తాయి. ఆ వారం తర్వాత కూడా మళ్లీ వెళ్లాలనిపించిన అమ్మాయి, అబ్బాయి ఈ చదువుకు తగినవాళ్లు. వెళ్లాలనిపించనివాళ్లు తగరు, వాళ్ల ర్యాంకు ఎంత గొప్పదైనా.

ఇక్కడికి వాదన మొత్తం ఒకచోటికి వస్తుంది. ర్యాంకు చూసి చదువును ఎంచుకుంటే ఆ చదువు ఎప్పటికీ ఇంకొకదాని నీడలోనే ఉండిపోతుంది. పని చూసి ఎంచుకుంటే దాని విలువ దాని దగ్గరే తెలుస్తుంది. బాదంపూడి షెడ్ల దగ్గర, కొల్లేటి గట్టు మీద, పెదవేగి, నిడమర్రు పాకల్లో జరిగే పని ఎవరికో సీటు రాక మిగిలిపోయినవాళ్లు చేయాల్సినంత చిన్నది కాదు. అందుకే వచ్చే ఏడు ఫలితాల నాడు ఇళ్లలో ఆ లెక్క మొదలైనప్పుడు, జాబితా చివర గుర్తుచేస్తే వచ్చే ఆ పేరును ఒక్కసారి పైకి తెచ్చి చదవండి. ఎంబీబీఎస్ వస్తుందా రాదా అని అడిగే ముందు, నీకు ఏ పని చేయాలనుందని పిల్లలను అడగండి. జవాబుగా గేదె పేరో, కోడి పేరో, కుక్క పేరో వస్తే, తిరుపతి విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ తేదీని ఆ రోజే క్యాలెండర్‌లో రాసుకోండి.